గడపయే గురుకులము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఎక్కడనో అచ్చయిన పుస్తకమును పల్లెకు తెచ్చి చదువరి చేతిలో పెట్టుచున్నది. ఇట్టి శుభదినమున పుస్తక మహిమను గూర్చి ఎవరైనను చెప్పగలరు. కాని పుస్తకమునకును ఒక పొలిమేర కలదు. అచ్చటికి వచ్చిన పిదప పుస్తకము మూసి, చెప్పులు తొడిగికొని, మనుష్యుని యింటికి నడువవలసినదే. ఆ పొలిమేర వైద్యవిద్యలో కనబడినంత స్పష్టముగా మరి యే విద్యలోను కనబడదు. అందుచేత వైద్యవిద్యార్థులు ఇండ్లకు పోయి నేర్చుకొను చదువును గూర్చి నేడు కొంత విచారించుట యుక్తము.

ఈ విచారణకు కారణము లేకపోలేదు. 2021–22 సంవత్సరమున చేరిన విద్యార్థులు మొదలుకొని, దేశమందలి వైద్యకళాశాలలన్నిటికిని జాతీయ వైద్య కమిషన్ ఒక నియమము విధించినది. దానికి కుటుంబ దత్తత కార్యక్రమమని పేరు. కళాశాలలో అడుగుపెట్టిన మొదటి యేటనే ప్రతి విద్యార్థియు ఒక పల్లెలో మూడు మొదలు అయిదు కుటుంబములను తన వంతుగా స్వీకరింపవలెను. మూడేండ్లపాటు వారి యిండ్లకు పోవుచు వచ్చుచు ఉండవలెను. తొలియేట 27 గంటలు, మలియేట 30 గంటలు, మూడవయేట 21 గంటలు, వెరసి 78 గంటలు ఈ చదువునకు కేటాయింపబడినవి.

సాలూరు ప్రాంతమువారికి ఇది దూరపు వార్త కాదు. విశాఖపట్టణమున 1923లో నెలకొని నేడు ఆంధ్ర వైద్యకళాశాల యని పిలువబడు విద్యాలయము నూరేండ్లు నిండించుకొన్నది. నెల్లిమర్లలో ఒక వైద్యకళాశాల కలదు. 2023లో విజయనగరమున ప్రభుత్వ వైద్యకళాశాల 150 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. కావున తెల్లని కోటు తొడిగిన పిల్లవాడో పిల్లయో ఒకనాడు ఈ ప్రాంతపు గడపలలో నిలిచి "లోనికి రావచ్చునా?" యని అడుగు కాలము వచ్చినది.

అప్పుడు ఇంటి యజమానికి ఒక సందేహము కలుగును. "పదునెనిమిదేండ్ల పసివాడు, సూదియైనను పట్టి యెరుగనివాడు, మా యింటికి వచ్చి యేమి వైద్యము చేయును?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము దాచవలసిన పనిలేదు. మొదటి యేటి విద్యార్థి వైద్యము చేయుటకు రాడు. నేర్చుకొనుటకు వచ్చును. ఆ నాలుగు గోడల నడుమ గురువు ఆ యింటివారే, శిష్యుడు ఆ వచ్చినవాడే. ఈ సంగతి ఉభయులకును తెలిసిననాడే ఈ చదువు చదువగును. తెలియనినాడు కాగితములు నింపుకొను పనియై పోవును.

ఇది నేడు క్రొత్తగా పుట్టిన తలంపు కాదు. చరకసంహితలో విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున రోగిని పరీక్షించు విధమును చెప్పుచు ఆ మహర్షి దేశపరీక్షను గూర్చి ప్రత్యేకముగా వివరించినాడు. ఈ రోగి యే నేలలో పుట్టెను, ఎచ్చట పెరిగెను, ఎచ్చట జబ్బుపడెను. ఆ నేలలోని మనుష్యులు ఏమి తిందురు, ఎట్లు మెలగుదురు, వారి బలమెట్టిది, వారికి ఏది పడును, ఏది పడదు, ఏ రోగములు అచ్చట మిక్కిలిగా కలుగును? వైద్యుడు ఇవన్నియు తెలిసికొన్న పిదపనే మందు మాట తలపెట్టవలెనని ఆ యుపదేశము. ఆసుపత్రి మంచముమీద పరుండిన రోగిని ఎంతసేపు చూచినను ఈ ప్రశ్నలలో సగమునకైనను సమాధానము దొరకదు. ఆ సమాధానములు ఇంటి చూరు క్రింద, పొయ్యి ప్రక్కన, నీళ్ల కుండ వద్ద ఉన్నవి.

పల్లెలలో భూమి లెక్కలు తెలిసినవారికి దీనిని ఒక్క మాటలో చెప్పవచ్చును. పొలము గట్టు త్రొక్కక చావడిలో కూర్చుండి వ్రాసిన అడంగలు ఎట్టిదో, ఇల్లు చూడక వ్రాసిన రోగచరిత్ర అట్టిది. గళ్లన్నియు నిండి యుండును, మొత్తములు సరిపోవును. పంట మాత్రము అందు కనబడదు.

ఒక దృష్టాంతము చూతము. కొండమీది పల్లె నుండి ఒక నిండు గర్భిణి ఆసుపత్రికి వచ్చినదనుకొనుడు. రక్తపరీక్ష చేసి చీటిమీద రక్తహీనత యని వ్రాయుదురు. ఇనుము మాత్రలు ఇత్తురు. నెల దాటిన తరువాత మరల చూచినను రక్తము పెరుగదు. వార్డులో ఉన్న విద్యార్థి "ఈమె మందు వాడలేదు, చెప్పిన మాట వినలేదు" అని నిర్ణయించుకొని, ఆ నిందను జ్ఞానమని భ్రమించి ముందునకు పోవును.

అదే విద్యార్థి ఆమె యింటికి పోయినచో ఏమి చూచును? మాత్రలు దూలము సందున భద్రముగానే ఉన్నవి. నాలుగు దినములు వేసికొన్నప్పుడు విరేచనము నల్లగా కనబడుటచే భయపడి మానివేసినది. అది మందు స్వభావమేకాని కీడు కాదని ఆమెకు చెప్పినవారు లేరు. వేసికొన్న నాలుగు దినములును మాత్ర వెంటనే తేనీరు త్రాగినది. తేనీరు ఇనుమును ఒంటబట్టనీయదు. ఇంటిలో అందరును తిన్న పిదప మిగిలిన చోడి అంబలి ఆమె వంతు. బహిర్భూమికి తుప్పలలోనికి వట్టి కాళ్లతో పోవును. ఆ తడి నేలలోని కొంకి పురుగు పాదము గుండ ప్రవేశించి, ప్రేగులలో చేరి, ఉన్న కొద్ది రక్తమును పీల్చుచున్నది. వాగు నుండి బిందె మోయుట ఆమెకు తప్పదు. చీటిమీద ఒక్క మాటగా ఉన్న రోగము ఇంటిలో అయిదు వ్రేళ్లతో పాతుకొనియున్నది. మాత్ర ఒక్క వేరునే తాకగలదు. ఈ పాఠము ఏ గ్రంథములోను లేదనరాదు, ఉన్నది. కాని చదివినవాడు మరచును, చూచినవాడు మరువడు.

మలేరియా సంగతియు ఇట్టిదే. కొండవాగుల మెల్లని నీటిలో పెరుగు దోమ రాత్రివేళ కుట్టును. అందులకై దోమతెరలు పంచుదురు. తెర పంచినట్లు పట్టికలో గుర్తు పడును. కాని పోడు చేలు పండు కాలమున ఇంటి మగవాడు అడవిపందుల నుండి పంటను కాచుకొనుటకు మంచెమీద పండుకొనును. తెర ఇంటిలో, మనిషి చేనిలో, దోమ మనిషి యొద్ద! ఈ సంగతి తెలియుటకు ఆ యింటివానిని "నీవు రాత్రి ఎక్కడ పండుకొందువు?" అని అడుగవలెను. అట్టి ప్రశ్న పుట్టుటకు ముందు ఆ మంచెను కంటితో చూచియుండవలెను.

ఇంటిని చూచుట వైద్యశాస్త్రమునే మార్చిన సందర్భము ఒకటి మనకు సమీపముననే కలదు. 1956లో మదరాసు నగరమున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడినది. ఆ కాలమున క్షయరోగికి శానిటోరియము, మంచి గాలి, మంచి తిండి, మంచముమీద విశ్రాంతి తప్పవని వైద్యులు నమ్ముచుండిరి. దేశమున రోగులు లక్షల సంఖ్యలో ఉండగా అన్ని మంచములు ఎక్కడివి? ఆ కేంద్రమువారు సుమారు 200 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమును శానిటోరియములో ఉంచి, రెండవ భాగమునకు వారి పేద యిండ్లలోనే అవే మందులు ఇచ్చిరి. ఇంటివద్ద ఉన్నవారిని కార్యకర్తలు ముందుగా చెప్పకయే పోయి చూచి, మిగిలిన మాత్రలు లెక్కించి, మందు వాడుచున్నదియు లేనిదియు పరీక్షించెడివారు. 1959లో ఫలితము ప్రకటింపబడెను. ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో ఉన్నవారికిని శానిటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగా నయమయ్యెను. ఇంటివారికి వ్యాధి అంటుటయు అధికము కాలేదు. దానితో లోకమున క్షయ చికిత్స దారి ఇంటివైపు మళ్లినది. ఆ యిండ్లకు నడచినవారి పాదములు లేక ఆ సత్యము బయటపడియుండెడిది కాదు.

ఇక వైద్యవిద్యలో ఈ పద్ధతి నడచిన దారిని క్లుప్తముగా చూతము. ఇంగ్లండు, ఐర్లండు దేశములలో పూర్వము వైద్యవిద్యార్థులు పేదల యిండ్లకు పోయి కాన్పులు చేయుచు నేర్చుకొనెడివారు. మన దేశమున 1946లో భోర్ సంఘము తన నివేదికలో, వైద్యుడు రోగమునే కాక సమాజమును ఎరిగినవాడు కావలెనని చెప్పి, అందులకు తగిన శిక్షణను కోరినది. 1977లో కేంద్రప్రభుత్వము ప్రతి వైద్యకళాశాలకును మూడేసి బ్లాకులను అప్పగించి, విద్యార్థులను పల్లెలకు పంపు ఏర్పాటు చేసెను. అది ఆశించిన ఫలము నీయలేదు. బండిలో వచ్చి బండిలో పోవువాడు ఊరిని చూచునుగాని ఇంటిని చూడడు.

నిలిచిన ప్రయత్నములును కలవు. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు తొలి సంవత్సరములోనే విద్యార్థులను పల్లెలో బసచేయించి ఇంటింటి పరిస్థితి తెలిసికొనునట్లు చేయుదురు. డాక్టరు సుశీలా నయ్యరు 1969లో సేవాగ్రామమున నెలకొల్పిన వైద్యకళాశాలలో ప్రతి జట్టు విద్యార్థులకును ఒక గ్రామమును ఎన్నుకొందురు. వారు మొదట అచ్చట పదునైదు దినములు వసింతురు. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబములు అప్పగింపబడును. తరువాత మరల మరల అదే గడపలకు పోవుదురు. నేటి దత్తత కార్యక్రమమునకు ఇట్టివి త్రోవచూపినవి. ఒకే గడపకు మరల పోవుటలోనే దీని సారమున్నది. మొదటిసారి ఇల్లు మర్యాద చూపును. రెండవసారి కష్టము చెప్పును. మూడవసారి మాత్రమే నిజము చెప్పును.

నిజము చెప్పుటకు భాష యొకటి కావలెను. సాలూరు, పాచిపెంట, మక్కువ కొండలలో జాతాపులు, కొండదొరలు, గదబలు, సవరలు మొదలగువారు కలరు. పెద్దలలో కొందరికి తెలుగు వాడుకయే కాని, నొప్పి చెప్పుకొను భాష తల్లిభాషయే. ఈ ఉత్తరాంధ్రలోనే జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, సవరల మాట నేర్చుకొనుటకు వారినే గురువులుగా చేసికొన్నారు. వారి భాషకు నిఘంటువు కూర్చిరి. వారి పిల్లలకు బడులు పెట్టించిరి. కొండవాని యొద్ద కూర్చుండి నేర్చుకొనుట పండితునికి చిన్నతనము కాదని ఆయన చేసి చూపించిరి. వైద్యవిద్యార్థి నిఘంటువు వ్రాయనక్కరలేదు. "ఎక్కడ నొప్పి, ఎప్పటినుండి, ఏమి తింటివి" అను పది మాటలు వారి భాషలో నేర్చుకొని పోయిన చాలును. ఆ పది మాటలు విన్న అవ్వ తక్కిన నూరు మాటలు తానే చెప్పును.

ఇప్పుడు కొంచెము కఠినమైన సంగతి చెప్పవలసియున్నది. గృహసందర్శనమునకు విద్యార్థులు ఏ పల్లెలకు పోవుదురు? కళాశాల బండి పోగల పల్లెలకు. సాలూరు ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండెను. 1979లో విజయనగరం జిల్లాలో చేరెను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోనికి వచ్చెను. జిల్లా పేరు మారినంత సులభముగా కొండదారి మారలేదు. దారి లేని పల్లెలనుండి రోగిని డోలీ కట్టి మోసికొని వచ్చుట ఈ ప్రాంతమున అందరును ఎరిగినదే. 2020లో సాలూరు మండలమందలి కొదమ ప్రాంతపు గిరిజనులు తామే చందాలు వేసికొని కొండదారి త్రవ్వుకొన్న వార్త దేశమంతట వినబడెను. ఎవరి యిల్లు చూచిన విద్యార్థికి అధికముగా తెలియునో, ఆ యిల్లే దారికి మిక్కిలి దూరమున ఉన్నది.

ఈ కష్టము తెలిసియే 2018లో పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థవారు గిరిశిఖర గ్రామముల గర్భిణుల కొరకు సాలూరులో వసతిగృహము ఏర్పాటు చేసిరి. నెలలు నిండకముందే వచ్చి అచ్చట ఉన్నచో, నొప్పులు వచ్చిన రాత్రి డోలీ కట్టవలసిన పని యుండదు. ఇది మేలైన ఆలోచన. కాని ఇట్టి వసతికి ఒక తల్లి రానొల్లదనుకొనుడు. ఎందుచేత? ఆమె వచ్చినచో ఇంటివద్ద మూడేండ్ల బిడ్డకు అన్నము పెట్టువారెవరు? మేకలను తోలువారెవరు? చింతపండు ఏరు దినములలో కూలి పోయినచో అప్పు తీర్చువారెవరు? కొండమీది యింటిలో ఒక పూట కూర్చుండిన విద్యార్థికి ఈ మూడు ప్రశ్నలు తెలియును. తెలియనివాడు రేపు అధికారియై ఆమెను మూర్ఖురాలని వ్రాయును. ఈ చదువులో పణముగా ఉన్నది మార్కులు కావు. ఒక తల్లిని గూర్చి కాగితముమీద ఏమి వ్రాయబడునను సంగతి.

ఇంటిలోనికి పోవువాడు ఎట్లు పోవలెనో కూడ చరకసంహితయే చెప్పినది. ఆ విమానస్థానముననే, శిష్యుని చేర్చుకొనునప్పుడు గురువు చేయు ఉపదేశము కలదు. ఆ యింటివారు ఎరిగినవాడు, లోనికి పోవుటకు అనుమతి కలవాడు వెంట ఉండగా పోవలెను. చక్కగా వస్త్రము ధరించి, తల వంచుకొని, ఆలోచనతో మెలగవలెను. లోపలికి పోయిన పిదప మాటను, మనస్సును, బుద్ధిని, ఇంద్రియములను రోగి మేలునకు తప్ప మరి దేనికిని ఈయరాదు. ఆ యింటి సంగతులు బయట చెప్పరాదు. గ్రీసు దేశపు హిపోక్రటీసు పేరుమీదనున్న ప్రతిజ్ఞలోను ఇదే భావమున్నది: ఏ యింట ప్రవేశించినను రోగుల మేలు కొరకే ప్రవేశింతుననియు, వినిన రహస్యమును వెల్లడింపననియు. రెండు దేశముల పెద్దలు వేరువేరుగా ఒకే గడప దగ్గర ఒకే మాట చెప్పినారు.

ఇంటి గుట్టు లంకకు చేటని మన సామెత. ఇది నేటికిని ఎంత అవసరమో కొడవలి కణముల వ్యాధిని తలచిన తెలియును. గిరిజనులలో అధికముగా కనబడు ఈ రక్తవ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న ఒక ఉద్యమము ప్రారంభించినది. తల్లియు తండ్రియు ఇద్దరును ఆ లక్షణమును మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు వ్యాధి భయము కలదు. కావున ఇది ఒక మనిషి రోగము కాదు, ఒక యింటి రోగము. ఇంటివారందరిని పరీక్షింపక పని జరుగదు. అట్లని ఆ ఫలితమును వీధిలో చదివినచో ఆ యింటి ఆడపిల్ల పెండ్లి చెడును. జ్ఞానము సంపాదించుట ఎంత విద్యయో, సంపాదించిన దానిని దాచుటయు అంత విద్య. ఈ రెండవ పాఠము వార్డులో కంటె గడపలోనే బాగుగా పట్టుబడును.

అడుగువానికి చెప్పువాడు లోకువయని అందురు. అట్లు కాకుండ చూచుకొనుట ఊరివారి బాధ్యత కూడ. వచ్చిన విద్యార్థికి పీట వేసి, మంచినీళ్లిచ్చి, నిజము చెప్పవలెను. చెప్ప నిష్టము లేని సంగతిని చెప్పనని చెప్పుటకు ఇంటి యజమానికి పూర్తి హక్కు కలదు. "మా చెల్లెలి దగ్గుకు పరీక్ష ఎప్పుడు చేయింతువు?" అని విద్యార్థిని తిరిగి అడుగుటకును హక్కు కలదు. విద్యార్థి మందు ఈయలేడు. కాని తన గురువునకు చెప్పగలడు, ఆశా కార్యకర్తకు తెలుపగలడు, ఆసుపత్రిలో ఏ గదికి పోవలెనో చూపగలడు. పల్లెవానికి ఒక్కొక్కప్పుడు మందుకంటె ఆ గది గుర్తే దొరకదు.

ఇందులో గ్రంథాలయమునకును పాత్ర కలదు. విద్యార్థులు మొదట వచ్చి కూర్చుండుటకు, ఊరి పెద్దలను, ఆశా కార్యకర్తను కలిసికొనుటకు ఈ చదువు గది తగిన స్థలము. ఇచ్చట ఒక పుస్తకము పెట్టవచ్చును. అందు రోగుల పేర్లు గాని, రోగముల పేర్లు గాని వ్రాయరాదు. విద్యార్థులు వచ్చిన తేదీ, ఊరికి ఇచ్చిన మాట, ఆ మాట నెరవేరిన తేదీ, ఈ మూడు గళ్లు చాలును. నీటిబావిలో మందు కలుపుటకు చెప్పుదుమన్నారా? చెప్పిరా? కొండమీది పల్లెకు ఒకసారియైన నడచి వత్తుమన్నారా? వచ్చిరా? సంవత్సరాంతమున ఆ పుటలను కళాశాల గురువులకు చూపవలెను. ఇది తప్పులు పట్టుటకు కాదు. లెక్క ఉన్నచోట మాట నిలుచును.

ఏ లెక్కకైనను జమ, ఖర్చు అని రెండు వైపులు కలవు. విద్యార్థి ఈ యిండ్లనుండి తీసికొనిపోవు జ్ఞానము అతని జమ వైపు పడును. దాని నెదుట ఖర్చు వైపు ఏమి పడునో 78 గంటలలో తేలదు. ఇరువదియేండ్ల తరువాత ఏదో పట్టణపు ఆసుపత్రిలో, ఒక కొండస్త్రీ మాటలు వెదకికొనుచు ఎదుట నిలిచినప్పుడు, ఆ వైద్యుడు చీటి ప్రక్కనపెట్టి, "అమ్మా, మీ యిల్లు ఎక్కడ? ఇంటి దగ్గర ఎవరెవరున్నారు?" అని అడిగినచో అప్పుడు ఆ బాకీ చెల్లును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పుస్తకములు అప్పిచ్చి, తిరిగి తెచ్చుకొన్నది. ఇక మన గడపలను కూడ కొంతకాలము విద్యార్థులకు అప్పిత్తము. నలుగకుండ, చిరుగకుండ తిరిగి యిమ్మని మాత్రము అడుగుదము.